వెనక వరుస నుంచి వచ్చిన చీటీ

జర్నలిజం చదువుకుని, నాలుగేళ్లు వార్తల వెంట పరుగెత్తి, ఇప్పుడు పీఆర్ ఉద్యోగంలోకి మారదామా వద్దా అని ఊగుతున్న పిల్లలు ఈమధ్య మా ఇంటికి తరచుగా వస్తున్నారు. "అన్నా, నువ్వు రెండు దిక్కుల చేసినవు గదా, ఎట్లుంటదో చెప్పు" అంటారు. చాయ్ తెప్పించి ఒకే ఒక్క కథ చెప్తాను. అది విన్నాక కొందరు మారారు, కొందరు మానుకున్నారు, ఒకడు మాత్రం నాందేడ్ స్టేషన్ దగ్గర చాయ్ హోటల్ పెట్టుకున్నాడు. ఆ చివరివాడి విషయంలో నా బాధ్యత ఏమీ లేదు. ప్రతిసారీ చెప్పడం నాకూ విసుగే కాబట్టి, ఇదిగో, రాసి పెడుతున్నాను.

ముందు నా చదువు సంగతి. తొందరగానే అయిపోతుంది. తెలంగాణ సరిహద్దుకు అవతలుండే ధర్మాబాద్‌లో మరాఠీ బడిలో తొమ్మిదో తరగతి దాకా వెళ్లాను. అక్కడ లెక్కల పరీక్షకూ నాకూ మాట తేడా వచ్చింది. మళ్లీ ఇద్దరం కలుసుకోలేదు. మా మేనమామ కిరాణా దుకాణంలో పొట్లాలు కట్టే పనికి కూర్చున్నాను. పొట్లాలకు నిజామాబాద్ వైపు నుంచి పాత తెలుగు పేపర్లు వచ్చేవి. తెలుగు చదవడం నేను ఆ పొట్లాల మీదే నేర్చుకున్నాను. పసుపు పొట్లం మీద హత్య జరిగేది, హంతకుడేమో జీలకర్ర పొట్లంలో పక్క ఊరికి వెళ్లిపోయేవాడు. ఆ తర్వాత ఏమైంది అనే దురద అప్పుడు పట్టుకుంది. ఆ దురదే నన్ను విలేకరిని చేసింది. ఒక తెలుగు పేపరుకు ముందు ధర్మాబాద్ నుంచి, తర్వాత నాందేడ్ నుంచి ఇరవై రెండేళ్లు వార్తలు రాశాను.

ఆ ఇరవై రెండేళ్లలో నాకు ఒక పేరు వచ్చింది. ప్రెస్ మీట్‌లో నేను లేచి నిలబడితే పెద్దపెద్ద నాయకులు గ్లాసులో నీళ్లు తాగేవారు. "ఆ తెలుగు పత్రకార్‌కు భయం లేదు" అని ఊరంతా అనుకునేది. ఇన్నాళ్లకు నిజం చెప్తున్నాను. భయం లేనిది నాకు కాదు, మా పేపరుకు. నాందేడ్‌లో మిగతా విలేకరులంతా మరాఠీ పేపర్ల వాళ్లు. వార్తలు రాయడంతో పాటు దీపావళికి, గణపతికి ఇక్కడి సేఠ్‌ల దగ్గరా నాయకుల దగ్గరా ప్రకటనలు తెచ్చే పని కూడా వాళ్లదే. పొద్దున కష్టమైన ప్రశ్న అడిగి సాయంత్రం ప్రకటన అడగలేరు కదా. నా పేపరు అచ్చయ్యేది తెలంగాణలో, అమ్ముడయ్యేది సరిహద్దు ఊళ్లలో. నాకు ఇక్కడ ప్రకటనలు ఇచ్చేవాడే లేడు, అందుకే మానేసేవాడూ లేడు.

కాబట్టి మాలో ఒక పద్ధతి ఏర్పడింది. ఎవరికైనా గట్టి ప్రశ్న తట్టితే చిన్న చీటీ మీద రాసి మడిచి పక్కవాడికి ఇస్తారు. అది చేతులు మారుతూ నా దగ్గరికి వస్తుంది. నేను విప్పి, లేచి, గొంతు సవరించుకుని చదువుతాను. రాసినవాడు నాకు తెలియడు, నేను వెతకను. ఇరవై రెండేళ్లలో నేను నా సొంతంగా అడిగిన ప్రశ్న "భోజనాలు ఎక్కడ" అనేదొక్కటే అయి ఉంటుంది. నిప్పులాంటి మనిషినని నాకు సన్మానం కూడా చేశారు. శాలువా కప్పుతున్నప్పుడు ముందు వరుసలో ఉన్న చీటీలవాళ్లంతా చప్పట్లు కొట్టారు, ఒక్కడు కూడా నవ్వలేదు. మా వృత్తిలో నీతి అంటే అదీ.

తర్వాత పేపర్లో పేజీలు తగ్గాయి. నాందేడ్‌లో నా అవసరం లేదని పైవాళ్లు మర్యాదగానే చెప్పారు. నా జాగాలో అప్పుడప్పుడూ వార్తలు పంపేందుకు ఒక అమ్మాయిని పెట్టుకున్నారు. చురుకైనది, మరాఠీ పేపరుకూ మా పేపరుకూ రెండింటికీ రాసేది, నన్ను అన్నా అని పిలిచేది. నేనేమో ఇంట్లో కూర్చుని పొట్లాలు చదవడం మళ్లీ మొదలుపెట్టాను.

అప్పుడు ఊరి బయట సోయా నూనె, సోయా విత్తనాల కర్మాగారం ఉన్న పెద్దసేఠ్ కబురు పెట్టాడు. తెలుగువాళ్లే, తాత కాలంలో వచ్చి వ్యాపారం పెట్టిన కుటుంబం. ఆయన్ని నేను నా చీటీలతో చాలాసార్లు చెమటలు పట్టించాను.

"ఏం పత్రకార్, ఖాళీనేనంట గదా?" అన్నాడు.

"ఖాళీ కాదు సేఠ్ జీ. ఇంట్ల కూరగాయల మీద వార్తలు రాస్తున్న."

"మా దిక్కు రారాదూ మరి. నువ్వు బయట కూసుండి అడుగుడు కన్నా లోపట కూసుండి జవాబులు రాసుడు మాకు సుఖం."

అట్లా నేను జనసంపర్క అధికారినయ్యాను. కార్డు అచ్చేయించి ఇంటికి తెస్తే మా ఆవిడ వెనకా ముందూ తిప్పి చూసింది.

"జనసంపర్క్ అంటే ఏందయ్యా?"

"జనంతోని మంచిగ ఉండుడు."

"ఇన్నేండ్ల సంది నిన్ను చూసి జనం తలుపులేసుకుంటుండ్రి. గిప్పుడు కార్డు చూపెడితే తీస్తరా?"

మొదటి నెలలోనే మొదటి పని వచ్చింది. కర్మాగారంలో కొత్త గోదాం కట్టారు, ప్రారంభోత్సవం. నేను ప్రెస్ నోట్ రాసి మేనేజర్ సాహేబుకు ఇచ్చాను. ఆయన మరాఠీ మనిషి, పాతికేళ్లుగా ఆ కుర్చీలోనే ఉన్నాడు. మేమిద్దరం మరాఠీలో మాట్లాడుకునేవాళ్లం, ఇక్కడ మీ కోసం తెలుగులో రాస్తున్నాను. ఆయన నోట్ చదివి కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ చదివాడు.

"ఇదేమిటి? ‘కొత్త గోదామును సోయా పిండి నిల్వకు కేటాయించినందున రేకులు కారుతున్న పాత గోదాములోనే విత్తనాలు ఉంటాయి.’ ఇది ఎవరు రాయమన్నారు?"

"ఎవరూ రాయమనలేదు సాహేబ్. నిన్న వెళ్లి చూశాను. నిజమే కదా."

"నిజమే. మనం ఎందుకు రాయాలి?"

"వార్త అంటే రెండో పక్షం కూడా ఉండాలి కదా."

"ఇక్కడ రెండో పక్షం ఎవరు?"

"పాత గోదాం" అన్నాను.

మేనేజర్ ఎర్ర పెన్నుతో ఆ వాక్యాన్ని ఒకే గీత గీసి కొట్టేశాడు. ఆ జాగాలో "దూరదృష్టిగల" అనే మాట చేర్చాడు. పిల్లలూ, నా పీఆర్ చదువంతా ఆ ఒక్క గీతలో ఉంది. కొట్టేసిన వాక్యాన్ని కాగితం మీదే కాదు, బుర్రలో కూడా కొట్టేసుకోవాలి. నేను చాలా త్వరగా నేర్చుకున్నాను. లెక్కల కన్నా ఇది సులువు.

రెండేళ్లలో నేను ఆరితేరాను. ఏ విలేకరికి కారం ఇష్టమో, ఎవరికి తీపి ఇష్టమో, ఎవరి ఫోటోగ్రాఫర్ బద్ధకస్తుడో నాకు తెలుసు. నేను కనిపెట్టిన గొప్ప ఉపాయం కచోరీ. అందరూ ప్రశ్నలయ్యాక ఫలహారం పెడతారు. నేను ప్రశ్నలకు ముందే పెట్టించేవాణ్ని. వేడి కచోరీ, దాని మీద చిక్కటి చింతపండు చట్నీ. నోట్లో కచోరీ ఉన్నవాడు నిజాయితీపరుడైనా సరే, ప్రశ్న అడగలేడు. మింగేలోపల మనం వందన సమర్పణ చేసేయొచ్చు.

మూడో ఏడు వానాకాలం ముందు విత్తనాల కరపత్రం రాశాను. మరాఠీలో ఒకటి, సరిహద్దు ఊళ్ల కోసం తెలుగులో ఒకటి. పైన పెద్ద అక్షరాలతో "మొలక మా మాట" అని. సేఠ్‌కు అది ఎంత నచ్చిందంటే సంచి మీద కూడా అచ్చేయించాడు. మా బామ్మర్దికి, అంటే మా ఆవిడ తమ్ముడికి, ధర్మాబాద్ దగ్గర ఊళ్లో వ్యవసాయం. నేనే ఫోన్ చేసి "మా విత్తనం పెట్టురా" అన్నాను. పాత గోదాం రేకులు నాకు గుర్తు రాలేదు. గుర్తు రాకుండా ఉండటమే నా ఉద్యోగం.

వాన మంచిగానే పడింది. విత్తారు. ఎనిమిదో రోజు బామ్మర్ది ఫోన్ చేశాడు.

"బావా, మంచిగున్నవా?"

"మంచిగున్న. మొలకచ్చిందా?"

"నీ మాట మొలిచింది బావా. యిత్తనం మొలవలే."

"సగం రాలేదా?"

"సగమా! చేను చూస్తే బడి మైదానం లెక్కుంది. ఊర్ల పోరగాండ్లు కబడ్డీ ఆడుకుంటమని అడుగుతుండ్రు. నా ఒక్కనిదే కాదు, మీ సంచి తెచ్చినోళ్లందరిదీ గంతే. నీ కరపత్రం గోడకు అతికిచ్చిన, అందరచ్చి చదివి పోతుండ్రు."

"ఏమంటుండ్రు?"

"ఏమంటరు? నీ బావ మస్తు రాస్తడు అంటుండ్రు."

తర్వాత వాడి గొంతు మారింది. "బావా, నవ్వులాట పక్కకు పెట్టు. భూమిల తడి, పదును ఇంక ఐదొద్దులు ఉంటది. గంతే. గా లోపల మంచి యిత్తనం చేతికస్తే మళ్ల పెడతం. అటెన్క మీరు బంగారం అసుంటి యిత్తనం ఇచ్చినా మేం ఏం చేసుకోవాలె? బజార్ల ఏడ దొర్కతలేదు. ఈ యేడు చేను పడావు పడుతది."

మా ఆవిడ పక్కనే ఉండి అంతా వింది. ఆ రోజు అన్నంలోకి ఉత్త పచ్చిమిరపకాయలు పెట్టింది. అది మా ఇంట్లో సంపాదకీయం.

మర్నాడు మేనేజర్ దగ్గరికి వెళ్లాను. నాందేడ్ గోదాముకు బయటి జిల్లా నుంచి మంచి విత్తనం అప్పుడే దిగింది, ముఖేడ్ వైపు డీలర్లకు పోవాలని పెట్టారు. "అది ఈ రైతులకు మార్చి ఇద్దాం సాహేబ్" అన్నాను.

"ముందు తాలూకా నుంచి తనిఖీ కమిటీ రావాలి. చూడాలి. నివేదిక రాయాలి. ఒక నెల" అన్నాడు.

"పదును నాలుగు రోజులే ఉంటుంది."

"కమిటీకి పదునుతో పని లేదు. మీరు ఎల్లుండి ప్రెస్ మీట్ పెట్టండి. రైతులు గోల చేయకముందే మన మాట బయటికి రావాలి. వాన సరిగా పడలేదు, అందుకే మొలవలేదు. అంతే."

నేను సేఠ్ కోసం ఉపన్యాసం రాశాను. ఎంత బాగా రాశానంటే సిగ్గేస్తుంది. "వరుణదేవుడు అలిగిన వేళ" అని మొదలుపెట్టాను. దోషం మొత్తం వరుణుడి మీద వేశాను. ఆయన ప్రెస్ మీట్ పెట్టడు, ఖండన పంపడు, పరువు నష్టం దావా వేయడు. పీఆర్ మనిషికి అంతకన్నా మంచి నిందితుడు దొరకడు.

ఆ రోజు పొద్దున పదకొండు గంటలకు ఆఫీసు పై అంతస్తు హాల్లో విలేకరులంతా వచ్చారు. అంతా పాత ముఖాలే. వెనక వరుసలో నా జాగాలో ఆ అమ్మాయి కూర్చుంది. నేను వేదిక పక్కన నిలబడ్డాను. ఫోటోగ్రాఫర్ "అన్నా, కండ్లద్దాలు మెరుస్తున్నయి, తియ్యి" అన్నాడు. తీసి జేబులో పెట్టుకున్నాను. అద్దాలు లేకపోతే నాకు దూరం బాగానే కనిపిస్తుంది, చేతిలో ఉన్నది మాత్రం అలికినట్టు ఉంటుంది.

కచోరీలు వచ్చాయి. సేఠ్ ఉపన్యాసం చదివాడు. వరుణదేవుడి దగ్గర ఆయన గొంతు వణికింది, రిహార్సల్‌లో కూడా అంత బాగా వణకలేదు. తర్వాత మేనేజర్ "ఏమైనా ప్రశ్నలు?" అన్నాడు.

హాలంతా నములుతున్న చప్పుడు.

ఈ చప్పుడు కోసమే కదా నేను రెండేళ్లు కష్టపడ్డాను. అయినా ఎందుకో ఆ రోజు అది చెవిలో కుట్టింది. ముందు వరుసలో నా ఈడు మరాఠీ విలేకరి ఒకాయన ఉన్నాడు. ఆయన తమ్ముడికీ అదే విత్తనం అని నాకు తెలుసు. ఆయన పళ్లెంలోకి చూస్తున్నాడు. ఒక్కొక్కరూ తల ఎత్తి, వెనక వరుసలో నా పాత కుర్చీ వైపు చూసి, అక్కడ నేను లేనని గుర్తొచ్చి, మళ్లీ కచోరీ వైపు చూసుకుంటున్నారు. ప్రశ్న హాలంతా తిరుగుతోంది, దిగడానికి జాగా లేదు.

అప్పుడు వెనక వరుస నుంచి ఒక చీటీ బయల్దేరింది.

చీటీ చేతులు మారే తీరు నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. నాలుగో వరుస, మూడో వరుస, ముందు వరుస. ముందు వరుసాయన నా వైపు చూడకుండానే చెయ్యి చాపి నా చేతిలో పెట్టాడు. విప్పాను. నీలం రంగు మసక ఒకటి కనిపించింది. అద్దాలు తీసి పెట్టుకోవాలని కూడా అనిపించలేదు. ఆ హాల్లో ఉన్నది ఒకే ప్రశ్న, చీటీలో ఇంకేం ఉంటుంది?

నా కాళ్లు వాటంతట అవే రెండడుగులు ముందుకు వేశాయి, నేను విలేకరుల వైపుకు వచ్చి, సేఠ్ వైపు తిరిగి, గొంతు సవరించుకున్నాను. తర్వాత నా పేరు చెప్పి, మూడేళ్ల కింద మానేసిన పేపరు పేరు చెప్పాను.

"సేఠ్ జీ, ఒక ప్రశ్న" అన్నాను మరాఠీలో. "ఈ ఏడు అమ్మిన విత్తనం కొత్త గోదాంలో నిల్వ చేసిందా, పాత గోదాంలో నిల్వ చేసిందా?"

మేనేజర్ నోట్లో కచోరీ ఉంది. నా కనిపెట్టుడు ఎంత గొప్పదో అప్పుడు రుజువైంది.

సేఠ్ ఏం చేస్తాడనుకున్నారు? నన్ను కూర్చోమనలేదు. నువ్వు మా నౌకరువు కదా అనలేదు. ఇరవై రెండేళ్లుగా ఈ గొంతు వింటే ఏం చేసేవాడో అదే చేశాడు. గ్లాసు ఎత్తి నీళ్లు తాగి, జవాబు చెప్పాడు.

"కొత్తదాంట్లో సోయా పిండి ఉంది. విత్తనం... పాతదాంట్లోనే."

"పాత గోదాం రేకులు కారుతాయి కదా?"

"కొన్ని జాగాల్లో... కారుతాయి."

"గోదాంలోనే తడిసిన విత్తనానికి వరుణదేవుడు చేన్లో ఏం చేయగలడు?"

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. పళ్లాలు కింద పెడుతున్న చప్పుడు, పెన్నుల మూతలు తీస్తున్న చప్పుడు.

"భూమిలో పదును ఇంకో రెండు రోజులే ఉంటుంది. కింద మంచి విత్తనం దిగి ఉంది. అది ఈ రైతులకు ఇస్తారా? ఎప్పుడిస్తారు?"

సేఠ్ నా ముఖం చూశాడు, కెమెరాలు చూశాడు. "సంచికి సంచి మార్చి ఇస్తాం. రేపు పొద్దున లారీలు బయల్దేరుతాయి" అన్నాడు.

వెనక నుంచి ఆ అమ్మాయి లేచింది. "రేపు పొద్దుననేనా సేఠ్ జీ? రాసుకోవచ్చా?"

"రాసుకోండి" అన్నాడు సేఠ్. అప్పుడు మేనేజర్ కచోరీ మింగాడు. ఆలస్యమైంది.

నేను వేదిక పక్కకు తిరిగి వచ్చి, చీటీ జేబులో వేసుకుని, అద్దాలు పెట్టుకుని, వందన సమర్పణ చేశాను. అది కూడా నా పనే మరి.

మేనేజర్ నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "కాయ్ కేలంత్ హే! ఏం చేశారండీ ఇది! మీ జీతం మనమిస్తున్నామా, వాళ్లిస్తున్నారా?"

"పొరపాటు సాహేబ్. చీటీ వచ్చింది. చేతికి చీటీ వస్తే నేను ఆగలేను. అలవాటు."

"అలవాటా! సిగరెట్ అలవాటుంటుంది, గుట్కా అలవాటుంటుంది. ఇదేం అలవాటు?" ఆయన బల్ల మీద కాగితాలు నా వైపు తోశాడు. "సరే. పేపర్లు అచ్చు కావడానికి ఇంకా టైముంది. ఖులాసా రాయండి. సేఠ్ మాటలను తప్పుగా అర్థం చేసుకున్నారు, కమిటీ నివేదిక వచ్చాకే నిర్ణయం అని. అది అచ్చయితే లారీలు ఆపేస్తాను. ఇప్పుడే రాయండి. నా ముందే రాయండి."

ఖులాసా అంటే వివరణ. పేపర్లో వస్తే నిన్నటి మాట చచ్చిపోతుంది. నేను రాయనంటే ఆయనే రాస్తాడు, ఆయన రాస్తే నాలుగు వాక్యాల్లో తేలుస్తాడు, నాలుగు వాక్యాలు తప్పకుండా అచ్చవుతాయి.

అందుకని నేనే రాశాను.

పిల్లలూ, ఇరవై రెండేళ్లలో నేను వేల ప్రెస్ నోట్లు చెత్తబుట్టలో వేశాను. ఏ నోట్ ఎందుకు బుట్టలో పడుతుందో నాకన్నా తెలిసినవాడు ఆ జిల్లాలో లేడు. ఆ విద్యనంతా ఆ రోజు వాడాను. మొదటి వాక్యంలో ఊరి పేరు పెట్టలేదు, విషయం పెట్టలేదు. సేఠ్ గారి తాత ఎడ్లబండిలో నాందేడ్ రావడంతో మొదలుపెట్టాను. దారిలో వచ్చిన వాగులన్నీ దాటించాను. రెండో పేజీలో సోయా గింజ గొప్పతనం చెప్పాను. ఒక్కో వాక్యం ఒక్కో పేరా. "కర్తవ్యదక్ష", "సర్వజనహితైషి" లాంటి మాటలు పిడికెడు పిడికెడు చల్లాను. అసలు సంగతిని నాలుగో పేజీ చివర, సంతకానికి పైన, బ్రాకెట్లో పెట్టాను.

మేనేజర్ అంతా చదివాడు. ఆయన కోపం సగం చల్లారింది. "చూశారా, మనసు పెడితే ఎంత బాగా రాస్తారో! ఒక్క తప్పు లేదు" అన్నాడు. ఆయన ఎదుటే స్కాన్ చేసి, ఆయన ఎదుటే అన్ని పేపర్లవాళ్లకూ వాట్సాప్‌లో పంపాను. పేజీలు అడ్డంగా వచ్చాయి. అది మాత్రం నేను కావాలని చేయలేదు, నాకు స్కానింగ్ రాదు.

సాయంత్రం ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

"అన్నా, నీ ఖులాసా చదువుతున్న. మెడ పక్కకు వంచి చదువుతున్న. మూడో పేజీల ఉన్న. సేఠ్ వాళ్ల తాత ఇంకా బండి దిగలే."

"నాలుగో పేజీల దిగుతడు చెల్లె."

"అందాక నేనుండ. ఏస్తలేను."

"మిగతావాళ్లు?"

"ఎవ్వలూ మొదటి పేజీ దాటలేదన్నా. ఒకాయనైతే గిది మీ సేఠ్ తాత వర్ధంతి అనుకున్నడు."

మర్నాడు అన్ని పేపర్లలోనూ "సంచికి సంచి" అని సేఠ్ ఫోటోతో వచ్చింది. ఖులాసా ఒక్క దాంట్లోనూ లేదు. మేనేజర్ లారీల దగ్గర నిలబడి పేపర్లు తిరగేస్తూ పేజీ పేజీ వెతుకుతున్నాడు. లారీలు నిండుతున్నాయి. ఆపమని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు, పేపర్లో పడిన మాటను ఆపే ధైర్యం ఆయనకూ లేదు.

పది గంటలకు సేఠ్ పిలిచాడు. నేను రాజీనామా కాగితం జేబులో పెట్టుకునే వెళ్లాను. అదొక్కటి క్లుప్తంగా రాశాను.

సేఠ్ బల్ల మీద పేపర్లన్నీ పరిచి ఉన్నాయి. ఫోన్ మోగుతూనే ఉంది. "సేఠ్ అంటే ఇట్లుండాలె" అని పొద్దుటి నుంచి ఊరంతా ఫోన్ చేస్తోందట.

"ఏం మనిషివయ్యా నువ్వు!" అన్నాడు.

"తప్పయింది సేఠ్ జీ."

"తప్పేంది! గింత పెద్ద ప్లాన్ చేసినవు, నాకు ముందుగాల ఒక్క మాట చెప్పద్దా? నువ్వడుగుతవు, నేనిస్తా అంట. చెప్తే ఇంకింత మంచిగ చేద్దును గదా. ఆ నీళ్లు తాగుడు గిట్ల లేకుండ."

నేను నోరు తెరిచాను. నిజం చెప్పాలని నాలుక దాకా వచ్చింది. మళ్లీ మూసుకున్నాను. నా ఉద్యోగంలో నేను చేసిన అసలైన పీఆర్ అదే అనుకుంటాను. సేఠ్ ఆ వారమే పాత గోదాంకు కొత్త రేకులు వేయించాడు. దానికి ప్రెస్ నోట్ నేనే రాశాను, "దూరదృష్టిగల" అనే మాట ఈసారి నా అంతట నేనే చేర్చాను. మేనేజర్ మాత్రం నేను రిటైరయ్యే దాకా నా చేతికి ఎవరైనా కాగితం ఇస్తుంటే లేచి నిలబడేవాడు.

ఆ సాయంత్రమే బామ్మర్ది ఫోన్ చేశాడు.

"బావా, సంచులచ్చినయి. రేపు తెల్లారంగనే పెడుతున్నం."

"పదునుందా?"

"ఉంది. పిడికిట పడితే ముద్దయితుంది. కబడ్డీ పోరగాండ్లే జర నారాజ్ అయిండ్రు." మళ్లీ వాడే అన్నాడు: "కరపత్రం ఇంకా గోడకే ఉంది. తియ్యాల్నా?"

"మొలకచ్చినంక తియ్యి."

వారం తర్వాత మొలక వచ్చింది. ఫోటో పంపాడు. మా ఆవిడ దాన్ని ఇరుగుపొరుగుకు చూపించింది. ఇంట్లో కూరలు మళ్లీ మొదలయ్యాయి.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం ఆమె ఆ ప్రెస్ మీట్ నాటి నా చొక్కా ఉతకడానికి జేబులు వెతికింది. మడిచిన చీటీ ఒకటి పట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

"ఏందయ్యా గిది?"

"పడెయ్యకు! గదే ఆ చీటీ. దాచిపెట్టాలె."

"నువ్వు సేఠ్‌ను అడిగిన ప్రశ్ననా గిది?"

"ఆఁ. పాత గోదాం సంగతి ఎవరు పట్టిండ్రో గాని, మొనగాడు."

ఆమె మరాఠీ నాకన్నా బాగా చదువుతుంది, పదో తరగతి పాసైంది. చీటీని వెలుతురుకు పెట్టి పైకి చదివింది.

"‘చట్నీ సంపలీ. ఆణఖీ పాఠవా.’"

నేను అద్దాలు పెట్టుకుని నేనే చదివాను. నీలం పెన్ను, గుండ్రటి అక్షరాలు. చట్నీ అయిపోయింది, ఇంకొంచెం పంపండి. అటు తిప్పాను. వెనక ఏమీ లేదు.

మా ఆవిడ నా వైపు చూస్తోంది. "మరి గోదాం ముచ్చట ఎవ్వలడిగిండ్రయ్యా?"

నేను వెంటనే ఆ అమ్మాయికి ఫోన్ చేశాను.

"చెల్లె, ఆ రోజు చీటీ పంపింది నువ్వేనా?"

"నేనే అన్నా."

"పాత గోదాం రేకులు కారుతయని నీకు ఎరుకనా?"

"నాకెట్ల ఎరుకుంటది? మా విలేకరుల్ల ఎవ్వలకూ ఎరుకలేదు. నువ్వు అడిగినంకనే గదా తెలిసింది." తర్వాత కొంచెం నిష్ఠూరంగా అంది: "నువ్వు లేచినవు, సేఠ్‌ను పట్టుకున్నవు, లారీలు పంపిచ్చినవు, అంతా మంచిగనే ఉంది గని అన్నా, చట్నీ అయితే రాలే."